హెన్రీ ఫోర్డ్

హెన్రీ ఫోర్డ్ (జూలై 30, 1863 – ఏప్రిల్ 7, 1947) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన పారిశ్రామికవేత్త, ఫోర్డ్ మోటార్ కంపెనీ సంస్థాపకుడు. ధనవంతుల విలాస వస్తువుగా ఉన్న మోటారు కారును సామాన్య కుటుంబానికి అందుబాటులోకి తెచ్చినవాడుగా ఇతడు ప్రసిద్ధుడు. ఇతని సంస్థ తయారుచేసిన మోడల్ టీ కారు 1908 నుండి 1927 వరకు సుమారు 1 కోటి 50 లక్షల సంఖ్యలో వెలువడింది. గని నుండి తీసిన ఇనుప ఖనిజం మొదలుకొని పాతబడిన కారును తుక్కుగా మార్చి మరల కొలిమిలో వేయడం వరకు కారు జీవితంలోని ప్రతి దశనూ ఒకే సంస్థ అధీనంలోకి తేవడానికి ఫోర్డు ప్రయత్నించాడు. అందువలన మోటారు వాహనం భూమిపైన, నీటిపైన, అడవులపైన, గాలిపైన చూపిన ప్రభావం ఇతని జీవిత చరిత్రలో విడదీయరాని భాగమైనది.

బాల్యము

హెన్రీ ఫోర్డ్ మిచిగాన్ రాష్ట్రంలో, ప్రస్తుతం డియర్‌బోర్న్ నగరంలో భాగమైన ప్రాంతంలో, ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. తండ్రి విలియం ఫోర్డ్ ఐర్లాండులోని కార్క్ ప్రాంతం నుండి వలస వచ్చిన రైతు. తల్లి మేరీ బెల్జియం నుండి వలస వచ్చిన దంపతుల కుమార్తె. హెన్రీకి చిన్ననాటి నుండి సేద్యపు పనులపై ఆసక్తి ఉండేది కాదు. జేబు గడియారాన్ని విప్పి, మరల కూర్చడంలో నేర్పు సంపాదించి, ఇరుగుపొరుగు వారి గడియారాలను బాగుచేసేవాడు. 1876లో తల్లి మరణించింది. అదే సంవత్సరం తండ్రితో కలిసి బండిలో వెళుతూ, గుర్రాలు లేకుండా తనంతట తానే దారిపై నడిచే ఆవిరి యంత్రాన్ని చూశాడు. ఆ దృశ్యం ఇతని మనసులో చెరగని ముద్ర వేసింది.

1879లో ఫోర్డు డెట్రాయిట్ నగరానికి వెళ్ళి యంత్రాల కర్మాగారాలలో పని నేర్చుకున్నాడు. 1882లో ఇంటికి తిరిగివచ్చి, ఆ ప్రాంతంలోని రైతుల ఆవిరి యంత్రాలను నడపడం, మరమ్మతు చేయడం వృత్తిగా పెట్టుకున్నాడు. కొడుకును సేద్యంలో నిలపాలన్న ఆశతో తండ్రి 80 ఎకరాల అటవీ భూమిని ఇచ్చాడు. ఫోర్డు అక్కడ నాగలి పట్టలేదు. రంపపు మిల్లు పెట్టి ఆ చెట్లను కొట్టి కలపగా అమ్మాడు. 1888లో క్లారా బ్రయంట్‌ను వివాహమాడిన తరువాత ఆ కలప ఆదాయమే సంసారానికి ఆధారమైనది. వీరి ఏకైక సంతానం ఎడ్సెల్ 1893లో జన్మించాడు.

తొలి ప్రయోగాలు

1891లో ఫోర్డు డెట్రాయిట్‌లోని ఎడిసన్ విద్యుద్దీపాల సంస్థలో ఇంజనీరుగా చేరి, 1893లో ముఖ్య ఇంజనీరు అయ్యాడు. తీరిక వేళలలో ఇంటి వెనుక కొట్టంలో ఒక చిన్న వాహనాన్ని నిర్మించాడు. నాలుగు సైకిలు చక్రాలు గల ఆ బండి 1896 జూన్ 4 తెల్లవారుజామున సిద్ధమైనది. తీరా చూస్తే అది కొట్టం వాకిలి పట్టలేదు. ఫోర్డు గొడ్డలితో ఇటుక గోడను పగులగొట్టి దానిని వీధిలోకి తెచ్చాడు.

1899లో స్థాపించిన తొలి సంస్థ రెండేళ్ళలోపే మూతబడింది. 1901లో ఏర్పడిన రెండవ సంస్థ నుండి భాగస్వాములతో పొసగక బయటికి వచ్చాడు. ఇతడు విడిచిన ఆ సంస్థే తరువాత కాడిలాక్ పేరుతో ప్రసిద్ధి పొందింది. మూడవ ప్రయత్నంగా 1903 జూన్ 16న ఫోర్డ్ మోటార్ కంపెనీ ఏర్పడింది.

మోడల్ టీ, అసెంబ్లీ లైను

1908 అక్టోబరు 1న మోడల్ టీ కారు విడుదలైనది. వనేడియం కలిపిన తేలికైన, దృఢమైన ఉక్కుతో చేసిన ఈ కారు గతుకుల పల్లె బాటలపై కూడా నడిచేది. రైతు తానే దానిని బాగుచేసుకోగలిగేవాడు. చాలా భాగాలు విడివిడిగా దొరికేవి. అందువలన ఒక కారు ఏళ్ళ తరబడి పనిచేసేది. చక్రాలు, అడుగు పలకలు, పై భాగపు చట్రం కొయ్యతో తయారయ్యేవి.

1910లో హైలాండ్ పార్క్ వద్ద కొత్త కర్మాగారం ప్రారంభమైనది. 1913లో అక్కడ కదిలే అసెంబ్లీ లైను ప్రవేశపెట్టబడింది. షికాగో కబేళాలలో పశువు కళేబరాన్ని కొక్కేనికి వేలాడదీసి, ఒక్కొక్క కార్మికుడు ఒక్కొక్క భాగాన్ని కోసే పద్ధతి దీనికి ఒక ప్రేరణ. అక్కడ విడదీయడానికి వాడిన పద్ధతి ఇక్కడ కూర్చడానికి ఉపయోగపడింది. 12 గంటలకు పైగా పట్టిన ఛాసిస్ కూర్పు 1914 నాటికి 93 నిమిషాలలో పూర్తయ్యేది. మొదట 800 డాలర్లకు పైగా ఉన్న కారు ధర 1920వ దశకం మధ్యకు 300 డాలర్ల లోపునకు దిగింది.

ఒకే కదలికను రోజంతా చేయలేక కార్మికులు పెద్ద సంఖ్యలో పని మానుకునేవారు. దీనిని నివారించడానికి 1914 జనవరిలో 8 గంటల పనిదినం, 5 డాలర్ల దినవేతనం ప్రకటించాడు. ఆనాటి సగటు వేతనానికి అది సుమారు రెట్టింపు. అయితే ఆ వేతనం పొందాలంటే కార్మికుని ఇంటి నడవడిని సంస్థ అధికారులు పరిశీలించి ఒప్పుకోవలసి ఉండేది.

రివర్ రూజ్ కర్మాగారం

1915లో ఫోర్డు డియర్‌బోర్న్ సమీపాన రూజ్ నది ఒడ్డున సుమారు 2,000 ఎకరాల చిత్తడి నేలను కొన్నాడు. 1917లో నిర్మాణం మొదలై 1928 వరకు కొనసాగింది. పెద్ద ఓడలు లోపలికి రావడానికి నదిని తవ్వి వెడల్పు, లోతు పెంచారు. సహజమైన వంపులతో ప్రవహించిన నది దిగువ భాగం ఓడలు తిరిగే కాలువగా మారింది. 1920లో మొదటి ఇనుప కొలిమి వెలిగింది. ఆ తరువాత కోకు బట్టీలు, ఉక్కు మిల్లు, గాజు కర్మాగారం, విద్యుత్ కేంద్రం, సిమెంటు కర్మాగారం, కాగితపు మిల్లు ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. సుమారు లక్షమంది కార్మికులు పనిచేసిన ఈ కర్మాగారం ఆనాటికి ప్రపంచంలో అతి పెద్దది.

ముడి సరుకు కోసం ఇతరులపై ఆధారపడరాదని ఫోర్డు నిశ్చయించాడు. మిచిగాన్ ఉత్తర భాగంలో ఇనుప గనులు, లక్షలాది ఎకరాల అడవులు, కెంటకీ, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాలలో బొగ్గు గనులు, వాటిని కలిపే రైలు మార్గం, సరస్సులపై తిరిగే ఓడలు సంస్థ సొంతమైనవి. కారు బరువులో అధిక భాగం ఉక్కు. ఆ ఉక్కు కోసం ఖనిజం తవ్వాలి, బొగ్గును కోకుగా మార్చాలి, సున్నపురాయి కరిగించాలి. రూజ్ కర్మాగారంలో ఇవన్నీ ఒకే చోట జరగడం వలన, కారు రోడ్డెక్కక ముందే ఎంత ఖనిజాన్ని, బొగ్గును, నీటిని ఖర్చుచేస్తుందో, ఎంత పొగను వదులుతుందో కంటికి కనబడేది.

వ్యర్థాల వినియోగం

వృథాను సహించకపోవడం ఫోర్డు స్వభావం. పారవేసే ప్రతి వస్తువునూ డబ్బు పోగొట్టుకోవడంగానే ఇతడు భావించేవాడు. కొలిమిలో మిగిలిన చిట్టెంతో సిమెంటు తయారయ్యేది. కోకు బట్టీల నుండి వెలువడే వాయువు కర్మాగారానికి ఇంధనంగా ఉపయోగపడేది. వాటిలోనే ఉప ఉత్పత్తిగా లభించిన అమ్మోనియం సల్ఫేటును ఎరువుగా, బెంజాలును మోటారు ఇంధనంగా అమ్మేవారు. సరుకు వచ్చిన పెట్టెల చెక్కను తిరిగి వాడుకునేవారు.

మిచిగాన్‌లోని ఐరన్ మౌంటెన్ వద్ద కలప కర్మాగారంలో మిగిలిన రంపపు పొట్టు, చెక్క ముక్కలను బొగ్గుగా కాల్చి, చిన్న దిమ్మలుగా అచ్చుపోసి కార్ల విక్రేతల ద్వారా అమ్మేవారు. అమెరికాలో ఆరుబయట వంటకు వాడే కింగ్స్‌ఫర్డ్ బొగ్గు ఇలా పుట్టినదే. అడవులలో పెద్ద చెట్లను మాత్రమే కొట్టి లేత చెట్లను విడిచిపెట్టే పద్ధతిని కూడా ఫోర్డు ప్రోత్సహించాడు.

1925లో మొదటి ప్రపంచ యుద్ధకాలం నాటి 199 వాణిజ్య నౌకలను ప్రభుత్వం నుండి కొని, వాటిని విడగొట్టించాడు. వాటి ఇనుము రూజ్ కొలిమిలో కరిగి కార్లుగా మారింది.

పాత కార్ల తుక్కు

1920వ దశకం చివరికి అమెరికాలో ఒక కొత్త సమస్య తలెత్తింది. కోట్లలో తయారైన కార్లు పాతబడి పొలాల గట్లపైన, వాగులలో, ఊరి చివర ఖాళీ స్థలాలలో తుప్పు పడుతుండేవి. 1930లో ఫోర్డు రూజ్ కర్మాగారంలో పాత కార్లను విడదీసే వరుసను ఏర్పాటు చేశాడు. ఏ సంస్థ తయారుచేసిన కారు అయినా స్వీకరించేవారు. కారు ముందుకు కదులుతుంటే కార్మికులు వరుసగా నూనెను వంచేవారు, అద్దాలు, టైర్లు, తోలు, దూది, దీపాలు, ఇత్తడి, రాగి భాగాలను ఊడదీసేవారు. మిగిలిన ఇనుప దేహాన్ని భారీ యంత్రంతో అదిమి ఉక్కు కొలిమిలోకి పంపేవారు. కబేళా నుండి నేర్చిన పద్ధతి ఈ విధంగా తిరిగి విడదీయడానికే వచ్చి చేరింది.

అయితే ఈ పద్ధతి ప్రధానంగా ఇనుము కోసం ఏర్పడినది. ఆర్థిక మాంద్యంలో తుక్కు ధర పడిపోయింది. దేశమంతటా పోగైన పాత కార్లను ఒక కర్మాగారం స్వీకరించడం సాధ్యం కాదు. ముఖ్యంగా, కారు తన జీవితకాలంలో తాగిన పెట్రోలు, వదిలిన పొగ ఏ వరుసలో విడదీసినా తిరిగి వచ్చేవి కావు. కారు తయారీలో, తుక్కులో వృథాను అరికట్టగలిగిన ఫోర్డు, ఆ రెంటి నడుమ రోడ్డుపై జరిగే వినియోగాన్ని అదుపు చేయలేకపోయాడు. ధర తగ్గించిన ప్రతిసారీ కార్ల సంఖ్య పెరిగింది, వాటితో పాటు రోడ్లు, చమురు బావులు, పొగ కూడా పెరిగాయి.

ఏటేటా కొత్త రూపం

1920వ దశకంలో ఆల్ఫ్రెడ్ స్లోన్ నాయకత్వంలోని జనరల్ మోటార్స్ సంస్థ ఏటా కార్ల రూపురేఖలు మార్చి, ఉన్న కారు బాగుండగానే కొత్తది కొనాలన్న కోరికను కలిగించే పద్ధతిని అనుసరించింది. ఫోర్డు దీనిని చాలాకాలం వ్యతిరేకించాడు. ఒకసారి కొన్న కారు ఎక్కువ కాలం మన్నాలని ఇతని అభిప్రాయం. కాని అమ్మకాలు పడిపోవడంతో 1927 మే నెలలో మోడల్ టీ ఉత్పత్తిని ఆపక తప్పలేదు. కొత్త మోడల్ ఏ కారు సిద్ధమయ్యే వరకు కొన్ని నెలలు కర్మాగారాలు మూతపడి వేలాది కార్మికులు పని కోల్పోయారు. ఆ తరువాత ఫోర్డు సంస్థ కూడా పోటీదారుల బాటనే నడిచింది.

ఫోర్డ్‌లాండియా

ఇనుము, బొగ్గు, కలప సొంతమైనప్పటికీ టైర్లకు కావలసిన రబ్బరు ఆసియాలోని ఐరోపా వలస రాజ్యాల తోటల నుండే వచ్చేది. దీని కోసం ఫోర్డు 1927లో బ్రెజిల్‌లోని అమెజాన్ అడవిలో, తపజోస్ నది ఒడ్డున సుమారు 25 లక్షల ఎకరాల హక్కు పొందాడు. 1928లో అక్కడ ఫోర్డ్‌లాండియా అనే పట్టణ నిర్మాణం మొదలైనది. అడవిని నరికి, తగులబెట్టి రబ్బరు మొక్కలను దగ్గరదగ్గరగా నాటించారు.

అమెజాన్ అడవిలో రబ్బరు చెట్లు సహజంగా ఒకదానికొకటి దూరదూరంగా పెరుగుతాయి. ఆ దూరమే వాటికి తెగుళ్ళ నుండి రక్షణ. వరుసలుగా నాటిన తోటలో ఆకుమాడు తెగులు ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు పాకి తోటను నాశనం చేసింది. అమెరికా తరహా భోజనం, వేళలు, కట్టుబాట్లు సహించలేక 1930 డిసెంబరులో కార్మికులు తిరగబడ్డారు. 1934లో బెల్టెర్రా వద్ద రెండవ తోట వేసినా ఆశించిన ఫలితం రాలేదు. 1945లో సంస్థ ఈ భూములను సుమారు 2.5 లక్షల డాలర్లకు బ్రెజిల్ ప్రభుత్వానికి తిరిగి ఇచ్చివేసింది. ఫోర్డు ఒక్కసారి కూడా ఆ తోటలను చూడలేదు.

ప్రకృతి ప్రేమ, వ్యవసాయ ప్రయోగాలు

ఫోర్డుకు పక్షులంటే అమితమైన ప్రీతి. రూజ్ నది ఒడ్డున నిర్మించుకున్న ఫెయిర్ లేన్ అనే నివాసంలో పక్షుల కోసం వందల గూళ్ళు పెట్టించాడు. వలస పక్షుల రక్షణకై 1913లో వచ్చిన చట్టానికి మద్దతుగా పనిచేశాడు. ప్రకృతి రచయిత జాన్ బరోస్ మోటారు కార్లను నిరసించేవాడని తెలిసి ఇతడు ఆయనకు ఒక మోడల్ టీని బహూకరించాడు. తరువాత వారిద్దరూ స్నేహితులై, థామస్ ఎడిసన్, హార్వే ఫైర్‌స్టోన్‌లతో కలిసి అడవులలో డేరాలు వేసుకుని విహరించేవారు. ఆ విహారాలకు వెళ్ళినది కార్లలోనే.

పంట నుండి లభించే ఆల్కహాలు భవిష్యత్తులో మోటారు ఇంధనం కాగలదని ఫోర్డు 1920వ దశకంలోనే నమ్మాడు. మద్యనిషేధం అమలులో ఉన్న కాలం, చౌకగా దొరికిన పెట్రోలు ఆ ఆలోచనను ముందుకు సాగనీయలేదు. 1930వ దశకంలో రాబర్ట్ బోయర్ ఆధ్వర్యంలో సోయా చిక్కుడుపై పరిశోధనలు చేయించాడు. సోయా నూనె కార్ల రంగులలోను, సోయా పిండి హారను మీటలు, గేరు పిడులు వంటి ప్లాస్టిక్ భాగాలలోను ఉపయోగపడ్డాయి. 1941 ఆగస్టులో ప్లాస్టిక్ పలకలతో చేసిన ఒక కారును డియర్‌బోర్న్‌లో ప్రదర్శించాడు. యుద్ధం రావడంతో ఆ ప్రయోగం ఆగిపోయింది. చిన్న నదులపై జలశక్తితో నడిచే చిన్న కర్మాగారాలను కూడా స్థాపించి, రైతులు సేద్యం విడవకుండానే అక్కడ పనిచేసే ఏర్పాటు చేశాడు.

భారతదేశంతో సంబంధము

భారీ యంత్రోత్పత్తికి ఫోర్డు, గ్రామ పరిశ్రమలకు మహాత్మా గాంధీ ప్రతీకలుగా నిలిచారు. అయినప్పటికీ ఫోర్డు 1941లో గాంధీకి అభిమానంతో ఒక లేఖ వ్రాశాడు. గాంధీ తన సంతకం చేసిన చరఖాను ఫోర్డుకు కానుకగా పంపాడు. 1936లో ఏర్పడిన ఫోర్డ్ ఫౌండేషన్ 1952లో ఢిల్లీలో కార్యాలయం తెరిచింది.

విమర్శలు

ఫోర్డు జీవితంలో తీవ్రమైన మచ్చలు ఉన్నాయి. 1918లో కొన్న డియర్‌బోర్న్ ఇండిపెండెంట్ పత్రికలో 1920 నుండి యూదులపై ద్వేషపూరిత వ్యాసాలను వరుసగా ప్రచురింపజేశాడు. అవి పుస్తకాలుగా జర్మనీతో సహా అనేక దేశాలలో వ్యాపించాయి. న్యాయస్థానంలో దావా ఎదుర్కొని 1927లో క్షమాపణ చెప్పి, పత్రికను మూసివేశాడు. 1938లో నాజీ ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని స్వీకరించాడు.

కార్మిక సంఘాలను ఇతడు ఏమాత్రం అంగీకరించలేదు. 1932 మార్చి 7న పని కోసం రూజ్ కర్మాగారానికి ఊరేగింపుగా వచ్చిన నిరుద్యోగులపై పోలీసులు, సంస్థ రక్షకులు కాల్పులు జరపగా నలుగురు అక్కడికక్కడే మరణించారు. గాయపడిన మరొకరు తరువాత మరణించారు. 1937లో సంఘ నాయకులను సంస్థ మనుషులు కొట్టారు. సమ్మె తరువాత 1941లో మాత్రమే కార్మిక సంఘంతో ఒప్పందం కుదిరింది.

చివరి రోజులు, మరణము

1943లో కుమారుడు ఎడ్సెల్ మరణించడంతో ఫోర్డు వృద్ధాప్యంలో మరల సంస్థ అధ్యక్ష పదవిని చేపట్టాడు. 1945లో మనుమడు రెండవ హెన్రీ ఫోర్డుకు బాధ్యతలు అప్పగించాడు. 1947 ఏప్రిల్ మొదటివారంలో రూజ్ నదికి వరద వచ్చింది. ఫెయిర్ లేన్ భవనానికి విద్యుత్తు, టెలిఫోను తెగిపోయాయి. ఏప్రిల్ 7 రాత్రి, మెదడులో రక్తస్రావం వలన, నూనె దీపాలు, కొవ్వొత్తుల వెలుగులో 83వ యేట ఫోర్డు కన్నుమూశాడు. విద్యుత్ సంస్థలో ముఖ్య ఇంజనీరుగా పనిచేసినవాడు, ఒక నదిని ఓడల కాలువగా మార్చినవాడు, ఆ నది పొంగి దీపాలు ఆర్పిన రాత్రి మరణించాడు.

తదనంతర పరిణామాలు

పరిశ్రమలు, మురుగునీరు చేరిన రూజ్ నది కాలుష్యంతో నిండిపోయి, 1969 అక్టోబరులో నీటిపై తేలిన చమురు అంటుకుని మండింది. ఆ తరువాత నీటి పరిశుభ్రత చట్టాల వలన నది కొంత కోలుకుంది. రూజ్ కర్మాగారాన్ని పునర్నిర్మించినప్పుడు 2003లో ఒక భవనంపై సుమారు 10 ఎకరాల మేర మొక్కలతో కూడిన పైకప్పు ఏర్పాటు చేశారు. అది వాన నీటిని పీల్చుకుని నదిలోకి పోయే మురికిని తగ్గిస్తుంది.

పెట్రోలు కారు జీవితకాలంలో కలిగించే వాతావరణ కాలుష్యంలో అధిక భాగం తయారీలో గాక నడపడంలోనే కలుగుతుందని తరువాతి అధ్యయనాలు నిర్ధారించాయి. విద్యుత్ కార్లలో మాత్రం బ్యాటరీ తయారీ వాటా పెద్దది. పాత కారులోని ఇనుము, అల్యూమినియం చాలావరకు తిరిగి వాడుకలోకి వస్తున్నా, ప్లాస్టిక్, నురగ, రబ్బరు మిశ్రమమైన శేషం చాలా చోట్ల నేలలో పూడ్చబడుతున్నది. పాతబడిన వాహనాల బాధ్యతను తయారీదారులపై ఉంచుతూ ఐరోపా సమాజం 2000లో ఆదేశం జారీచేసింది. భారతదేశంలో 2021లో వాహనాల తుక్కు విధానం ప్రకటించబడింది. తయారీదారుల బాధ్యతను నిర్ణయించే నియమాలు 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. తయారుచేసిన వస్తువును చివరికి తానే వెనుకకు తీసుకోవాలన్న ఈ సూత్రాన్ని, లాభం కోసమే అయినప్పటికీ, 1930లోనే ఒక కర్మాగారంలో ఆచరించి చూసినవాడు హెన్రీ ఫోర్డ్.